లూసిడ్ డ్రీమింగ్ నిజమేనా? నిజమైతే, దానికోసం నిద్ర చెడగొట్టుకోవచ్చా?

ప్రశ్న — రావిచెట్టు నీడ

నమస్కారం. మా అక్క కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు మా ఇంటికి వచ్చి పది రోజులు ఉన్నాడు. దాదాపు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి వాడి ఫోన్‌లో అలారం మోగేది. చదువుకోవడానికి లేస్తున్నాడనుకుని సంతోషించి, రెండో రోజు టీ పెట్టి పట్టుకెళ్ళాను. వాడు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, దిండు కింది నుంచి తీసిన చిన్న నోటుపుస్తకంలో గబగబా నాలుగు ముక్కలు రాశాడు. ఆ తర్వాత ఎడమ అరచేతిని కళ్ళ ముందు పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏమిట్రా అని అడిగితే, "పిన్నీ, కలలో వేళ్ళు ఐదే ఉండవు, ఒకసారి ఆరు, ఒకసారి నాలుగు కనిపిస్తాయి. మెలకువలో లెక్కపెట్టడం అలవాటైతే కలలోనూ లెక్కపెడతాను, అప్పుడు అది కల అని తెలిసిపోతుంది" అన్నాడు. అంత మాత్రం చెప్పి మళ్ళీ దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

దీన్ని లూసిడ్ డ్రీమింగ్ అంటారట. కల కంటూనే ఇది కల అని ఎరిగి ఉండడం, వీలైతే ఆ కలను తన ఇష్టప్రకారం నడిపించుకోవడం. ఇంటర్నెట్‌లో ఏదో కోర్సుకు డబ్బు కట్టి నేర్చుకుంటున్నాడు. జ్ఞాపకశక్తి పెరుగుతుందనీ, పరీక్షల భయం పోతుందనీ, చదివినదాన్ని నిద్రలోనే నెమరువేసుకోవచ్చనీ ఆ కోర్సువారు చెబుతున్నారట. మా బావగారు "ఇది మన ఉపనిషత్తుల్లో ఎప్పటినుంచో ఉన్నదే" అని కొడుకును వెనకేసుకొస్తున్నారు.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. నిద్రపోతున్న మనిషికి తాను నిద్రపోతున్న సంగతి తెలియడమనేదే నాకు పొసగని మాటగా తోస్తోంది. సగం మెలకువలో వచ్చిన ఊహను వీళ్ళు కల అనుకుంటున్నారేమో, లేదా లేచిన తర్వాత జ్ఞాపకం అల్లుకున్న కథను రాత్రి జరిగినదిగా నమ్ముతున్నారేమో అని నా అనుమానం. అది ఎలా ఉన్నా, వాడు మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని తూలుతుంటే చూసి ఊరుకోలేకపోతున్నాను. ఇది నిజంగా ఉన్నదేనా, ఉంటే దానివల్ల మేలు జరుగుతుందా అన్నది తెలిసినవారు ఓపికగా వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం — రాత్రి డ్యూటీ

రావిచెట్టు గారూ, నేను హైదరాబాదులో నిద్ర పరీక్షలు చేసే ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది గురకతోనో, నిద్రలో ఊపిరి ఆగిపోతోందనో వస్తారు. లూసిడ్ డ్రీమ్ కోసం ఎవరూ రారు. అయినా మీ మొదటి అనుమానానికి సమాధానం మేము ప్రతి రాత్రీ అతికించే తీగల్లోనే ఉంది కనుక రాస్తున్నాను.

పరీక్షకు వచ్చిన మనిషి తల మీద కొన్ని తీగలు, గడ్డం మీద కొన్ని, రెండు కళ్ళ పక్కన చెరొకటి పేస్టు రాసి అంటిస్తాము. కంటిగుడ్డు ముందు భాగం వెనక భాగం కంటే కొద్దిగా ధనావేశంతో ఉంటుంది కాబట్టి, కళ్ళు ఎడమకో కుడికో తిరిగినప్పుడు స్క్రీన్ మీద ఒక కంటి గీత పైకీ రెండో కంటి గీత కిందికీ కదులుతాయి. గడ్డం మీది తీగ కండరం ఎంత బిగువుగా ఉందో చెబుతుంది. కలలు దట్టంగా వచ్చే రెమ్ నిద్రలోకి మనిషి జారుకున్నప్పుడు ఆ గడ్డం గీత ఉన్నట్టుండి చదునైపోతుంది, ఎందుకంటే ఆ దశలో మెదడు చేతులనూ కాళ్ళనూ దాదాపు పూర్తిగా సడలించి ఉంచుతుంది. కళ్ళు మాత్రం చకచకా కదులుతూనే ఉంటాయి. ఈ దశను 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు వెలుగులోకి తెచ్చారు.

ఒళ్ళంతా కట్టేసినట్టున్న మనిషి లోపలినుంచి బయటికి కబురు పంపాలంటే మిగిలిన దారి కళ్ళే. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ ఈ దారినే పట్టుకున్నాడు. తరచుగా ఎరుకతో కలలు కనే అలన్ వర్స్‌లీ అనే వ్యక్తికి, "ఇది కల అని తెలియగానే కళ్ళను ఎడమకూ కుడికీ ఇన్నిసార్లు తిప్పు" అని ముందే చెప్పి పడుకోబెట్టాడు. 1975 ఏప్రిల్ 12 ఉదయం, రెమ్ నిద్ర సాగుతుండగానే, ఒప్పుకున్న ఆ కదలిక కాగితం మీద పడింది. ఆ సంగతి తెలియకుండానే అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ ఇదే పద్ధతిని స్వయంగా కనిపెట్టి, సహచరులతో కలిసి 1981లో ప్రచురించాడు.

"సగం మెలకువ కాదా?" అని మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. రాత్రంతా ఆ గీతలు చూసే మనిషిగా చెబుతున్నాను, రెమ్ నిద్రలోని మనిషికి క్షణకాలం మెలకువ వచ్చినా గడ్డం గీత లావెక్కుతుంది, మెదడు గీత తీరు మారుతుంది. అలాంటి చిన్న మెలకువలను గుర్తించి లెక్కవేయడమే మా ఉద్యోగంలో సగం. కంటి సంకేతం వచ్చినప్పుడు గడ్డం గీత చదునుగానే ఉండి, మెదడు గీత రెమ్ తీరులోనే సాగితే, ఆ మనిషిని మెలకువలో ఉన్నాడని ఏ నిబంధన ప్రకారమూ అనలేము.

2018లో వచ్చిన ఒక ప్రయోగం నాకు ఇంకా నచ్చింది. చేయి చాచి, బొటనవేలితో గాలిలో మెల్లగా సున్నా చుడుతూ కళ్ళతో ఆ వేలిని అనుసరించండి. మీ చూపు నునుపుగా జారుతుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని అదే పనిని ఊహించండి. చూపు చిన్న చిన్న గెంతులుగా కదులుతుంది, నునుపుగా జారదు. ఎరుకతో కల కంటున్నవారు కలలోని బొటనవేలిని అనుసరించినప్పుడు వారి కళ్ళు నునుపుగానే కదిలాయి. అంటే ఊహించుకుంటున్నట్టు కాదు, చూస్తున్నట్టు.

జ్ఞాపకం అల్లిన కథేమో అన్న మీ రెండో అనుమానం కూడా చిన్నదేమీ కాదు. 1959లో నార్మన్ మాల్కమ్ అనే తత్త్వవేత్త, నిద్రలో అనుభవం ఉందనడానికే అర్థం లేదని వాదించాడు. 1976లో డేనియల్ డెనెట్, కల అంటే మనం మేల్కొనే వేళకు జ్ఞాపకంలో చేరి కూర్చున్న సరుకు మాత్రమే కావచ్చునని రాశాడు. లేచాక చెప్పే మాట తప్ప వేరే ఆధారం లేనంతకాలం ఆ వాదాలను తోసిపుచ్చడం కష్టమే. కంటి సంకేతానికి మాత్రం కాలం ముద్ర ఉంది. అది ఏ నిమిషంలో ఏ దశలో పడిందో రికార్డులో కనబడుతుంది. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల్లోని నాలుగు ల్యాబ్‌లు కలిసి ఇంకొక అడుగు వేశాయి. కలలో ఉన్న మనిషిని "ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంత?" అని బయటినుంచి అడిగితే, ఒకతను కళ్ళను రెండుసార్లు తిప్పి జవాబిచ్చాడు. మొత్తం 36 మందితో 158 సార్లు ప్రయత్నించారు. సరైన జవాబు వచ్చింది 18.4 శాతం సార్లు, తప్పు జవాబు 3.2 శాతం, అరవై శాతానికి పైగా ప్రయత్నాల్లో ఏ స్పందనా లేదు. తక్కువే అనిపించవచ్చు. కానీ నిద్రలో ఉన్న మనిషి ప్రశ్న విని, లెక్క వేసి, జవాబు పంపడం ఒక్కసారి నిక్కచ్చిగా జరిగినా అది ఉన్నట్టే.

కనుక ఉందా అంటే ఉంది. మంచిదా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లనే ఇంత గందరగోళం వస్తోంది. నిజమని రుజువైనదాన్ని చూపించి, రుజువు కాని లాభాలను దాని వెనక కట్టి అమ్ముతున్నారు.

సమాధానం — లెక్కల మాస్టారు

రాత్రి డ్యూటీ గారు ఆపిన చోటినుంచి అందుకుంటాను. లాభాల సంగతి విడివిడిగా చూడాలి, ఒక్కొక్కదాని బలం ఒక్కో రకంగా ఉంది.

ముందుగా, ఇదేదో అతికొద్దిమందికి దక్కే శక్తి కాదు. యాభై ఏళ్ళ సర్వేలను కలిపి 2016లో చేసిన విశ్లేషణ ప్రకారం 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చింది, 23 శాతం మందికి నెలకు ఒకసారి లేదా అంతకంటే ఎక్కువగా వస్తోంది. కోరుకున్నప్పుడు రప్పించుకోవడమే కష్టం. 2017లో ఆస్ట్రేలియాలో, పగలు పదేపదే "ఇది కలా?" అని పరీక్షించుకోవడం, రాత్రి ఐదు గంటల నిద్ర తర్వాత లేవడం, "ఈసారి కల వస్తే అది కల అని గుర్తుపెట్టుకుంటాను" అని మనసులో అనుకుంటూ తిరిగి పడుకోవడం, ఈ మూడూ కలిపి వారం రోజులు చేయించారు. అలా చేసిన రాత్రుల్లో ఫలించినవి సుమారు 17 శాతం. సంకల్పం చెప్పుకున్న ఐదు నిమిషాల్లోపు తిరిగి నిద్రపోగలిగినప్పుడు మాత్రం 46 శాతం దాకా వెళ్ళింది. ఈ రెండో అంకె నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. తేలికగా నిద్రపట్టేవాడికే ఇది దొరుకుతుంది. మంచం మీద దొర్లుతూ ఎదురుచూసేవాడికి కలా రాదు, నిద్రా ఉండదు.

ఇక చదువు సంగతి. కలలో సాధన చేస్తే మెలకువలో నైపుణ్యం పెరుగుతుందా అని 2010లో జర్మన్ పరిశోధకులు పరీక్షించారు. దూరంగా పెట్టిన కప్పులోకి నాణేలు విసరడం పని. కలలో సాధన చేయమన్న 20 మందిలో చేయగలిగినవారు ఏడుగురు. ఆ ఏడుగురూ మర్నాడు నిజంగానే మెరుగయ్యారు, చేయలేకపోయినవారు మెరుగవలేదు. ఆసక్తికరమైన ఫలితమే, కానీ ఏడుగురి నాణేలను చూపించి పరీక్షల మార్కులు పెరుగుతాయని చెప్పడం పెద్ద తప్పు. నాణెం విసరడం చేతికి సంబంధించిన పని. పాఠం చదవడం అలాంటిది కాదు. కలలో అక్షరం నిలవదు. పుట తిప్పి మళ్ళీ చూస్తే వాక్యం మారిపోతుంది. అందుకే ఎరుక కలల సాధకులు చదివిన వాక్యాన్ని రెండోసారి చూడమంటారు, మారితే అది కల అని అర్థం. మారిపోయే పుస్తకంలో థర్మోడైనమిక్స్ నెమరువేయడం ఎలా కుదురుతుంది? మీ అబ్బాయిని ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ఇంకో రెండు విషయాల్లో జాగ్రత్త అవసరం. ఎరుక కల సమయంలో మెదడు ముందు భాగంలో నలభై హెర్ట్జ్ ప్రాంతపు గామా తరంగాలు (వేగంగా సాగే మెదడు తరంగాలు) పెరుగుతాయని 2009లో ఒక అధ్యయనం చెప్పింది. అది ముగ్గురి కలల మీద ఆధారపడింది. ఆ తర్వాత, కంటి కండరాలు కదిలినప్పుడు పుట్టే విద్యుత్తు కూడా అదే ప్రాంతంలో గామాలాగా కనబడుతుందనీ, దాన్ని తీసివేసి చూస్తే ఆ తేడా నిలవడం లేదనీ ఇతర పరిశోధకులు చూపించారు. ఈలోపు గామా పేరు చెప్పి నుదుటి పట్టీలు అంగడికి ఎక్కాయి. రెండోది గాలంటమైన్ అనే మందు. 2018లో 121 మందితో చేసిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న రాత్రి 14 శాతం మందికి, 4 మిల్లీగ్రాములకు 27 శాతం, 8 మిల్లీగ్రాములకు 42 శాతం మందికి ఎరుక కల వచ్చింది. మందు పనిచేస్తుంది, సందేహం లేదు. కానీ అది అల్జైమర్స్ రోగులకు వైద్యులు రాసే మందు. వికారం, వాంతులు కలిగించడమే కాక గుండె వేగాన్ని తగ్గించగలదు. హాస్టల్ గదిలో కుర్రవాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మింగవలసిన వస్తువు కాదు.

మానసికంగా హాని ఉందా అన్న చోట సాక్ష్యం ఇంకా సన్నగానే ఉంది, అయినా దాచకూడదు. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో 2018లో విద్యార్థులను రెండు నెలల వ్యవధిలో రెండుసార్లు ప్రశ్నించారు. ఎరుక కల వాటంతట అవే వచ్చేవారిలో చెప్పుకోదగ్గ ఇబ్బంది కనిపించలేదు. పనిగట్టుకుని రప్పించుకోవడానికి ప్రయత్నించేవారిలో మాత్రం, తన నుంచి తాను విడిపోయినట్టు, చుట్టూ ఉన్నది నిజం కానట్టు అనిపించే లక్షణాలు కొంత పెరిగాయి. ఒక చిన్న అధ్యయనంతో కారణం తేల్చలేము. కానీ పగలు గంటకోసారి "నేను మెలకువలో ఉన్నానా?" అని తనను తాను శంకించుకునే అలవాటును, అప్పటికే మనసు బలహీనంగా ఉన్నవాళ్ళూ, కుటుంబంలో తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్ళూ మొదలుపెట్టకపోవడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సమాధానం — హైవే 16

మాస్టారు చెప్పినవాటిలో దేన్నీ కాదనను. అయితే మేలు అసలే లేదన్న అభిప్రాయం ఎవరికైనా కలుగుతుందేమోనని నా అనుభవం రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం రాత్రి పూట చిలకలూరిపేట దాటాక మా కారు ముందు వెళ్తున్న లారీని గుద్దుకుంది. నేనూ మా బావమరిదీ బతికి బయటపడ్డాము. ఒంటి గాయాలు మూడు నెలల్లో మానాయి. కల మాత్రం ఏడాదికి పైగా వదలలేదు. వారానికి రెండు మూడు రాత్రులు అదే లారీ, వెనక తలుపు మీద పసుపు రంగులో "సౌండ్ హారన్" అన్న అక్షరాలు, వాటి కింద వెలిగే ఎర్ర దీపాలు, నా కాలు బ్రేకు మీదికి వెళ్ళకపోవడం. చెమటతో లేచి కూర్చుంటే నా భార్య ఫ్యాను వేగం పెంచి, మంచినీళ్ళు ఇచ్చి, మాట్లాడకుండా పక్కన కూర్చునేది. కొన్నాళ్ళకు నాకు పడుకోవాలంటేనే భయం పట్టుకుంది.

నేను వెళ్ళిన కౌన్సెలర్ కలలో ఎరుక గురించి మొదట చెప్పలేదు. పగటిపూట, వెలుతురులో కూర్చుని ఆ కలను కాగితం మీద రాయమన్నారు. తర్వాత ముగింపు మార్చి రాయమన్నారు. మార్పు ఏమిటన్నది నా ఇష్టమే. నా కాగితంలో లారీ మెల్లగా ఎడమకు తీసి టీ బడ్డీ దగ్గర ఆగుతుంది, డ్రైవరు దిగి "ఎందాకా వెళ్తున్నారు?" అని అడుగుతాడు. రోజుకు పది పదిహేను నిమిషాలు ఆ కొత్త కథను కళ్ళు మూసుకుని చూడాలి. ఇంతే వైద్యం. దీన్ని ఇమేజరీ రిహార్సల్ థెరపీ అంటారు. లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న 168 మంది మహిళలతో జరిపిన పరీక్ష ఫలితం 2001లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిందని ఆవిడే చెప్పారు. అందులో ఈ సాధన చేసినవారికి పీడకలలు గణనీయంగా తగ్గాయి.

సుమారు నాలుగు వారాలకు నాకు కలలు వారానికి ఒకటికి దిగాయి. ఆ తర్వాత ఒక రాత్రి మళ్ళీ అదే లారీ. అక్షరాలు చూశాను. "సౌండ్ హారన్" అనే ఉంది. కన్ను మళ్ళించి తిరిగి చూసేసరికి అక్షరాలు గజిబిజిగా, ఏ భాషో తెలియకుండా మారిపోయాయి. ఆ క్షణంలో "ఇది ఆ కలే" అని నాకు స్పష్టంగా తెలిసింది. నేను ఎగరలేదు, లారీని మాయం చేయలేదు. భయం మాత్రం చేత్తో తీసి పక్కన పెట్టినట్టు పోయింది. లారీ వెళ్తూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను, అలాగే మెలకువ వచ్చింది. నా భార్య లేవలేదు, ఎందుకంటే నేను అరవలేదు.

ఇందులో ఎరుక పాత్ర ఎంత, కాగితం పాత్ర ఎంత అని చాలాసార్లు ఆలోచించాను. ఎరుక రాకముందే కలలు తగ్గుముఖం పట్టాయన్నది నేను దాచలేని నిజం. 2006లో నెదర్లాండ్స్‌లో పీడకలలున్న 23 మందితో చేసిన చిన్న అధ్యయనంలోనూ ఇదే కనిపించిందని తర్వాత చదివాను. ఎరుక కల పద్ధతి నేర్పిస్తే పీడకలలు తగ్గాయి, కానీ తగ్గడానికి కలలో ఎరుక రావడం తప్పనిసరి కాలేదు. ముగింపు నా చేతిలో ఉందన్న నమ్మకమే పనిచేసి ఉండవచ్చు. అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2018లో ఇచ్చిన సూచనల్లో కూడా పీడకలలకు ఇమేజరీ రిహార్సల్‌ను సిఫారసు చేశారు, ఎరుక కల చికిత్సను "వాడవచ్చు" అన్న వరుసలో పెట్టారు. నా అనుభవానికి ఆ వరుస సరిగ్గా సరిపోతుంది.

పీడకలలతో బాధపడేవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. కోర్సులు కొనకండి, ముందుగా మానసిక వైద్యుడినో కౌన్సెలర్‌నో కలవండి. పద్ధతి ఉంది, అది చవకైనది, ఒక కాగితం, ఒక పెన్ను చాలు.

సమాధానం — పాత తాళపత్రం

రావిచెట్టు గారి బావగారు చెప్పిన ఉపనిషత్తుల మాటకు ఎవరూ జవాబివ్వలేదు. నేను సంస్కృతం బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక ఆ భాగం వరకు రాస్తాను.

కలల గురించి మన గ్రంథాలు ఎంతో లోతుగా ఆలోచించాయన్నది నిజం. బృహదారణ్యకోపనిషత్తు నాలుగో అధ్యాయం మూడో బ్రాహ్మణంలో, అంటే మూడో విభాగంలో, జనకుడికి యాజ్ఞవల్క్యుడు చెబుతాడు: "న తత్ర రథా న రథయోగా న పంథానో భవంతి". అక్కడ రథాలు లేవు, రథానికి పూన్చే గుర్రాలు లేవు, బాటలు లేవు. అయినా రథాలనూ గుర్రాలనూ బాటలనూ అతడే సృష్టించుకుంటాడు, ఎందుకంటే అతడే కర్త. ఎంత అందమైన వర్ణన! కానీ ఇది సామాన్యమైన కలను గురించిన మాట. కల కనేవాడే కలను సృష్టిస్తున్నాడని ఋషి చెబుతున్నాడు గాని, కల కనేవాడికి ఆ సంగతి అప్పుడే తెలుస్తుందని చెప్పడం లేదు. మాండూక్యోపనిషత్తులో తైజసుణ్ణి, అంటే కల దశలోని ఆత్మను, "అంతఃప్రజ్ఞుడు" అన్నారు, అంటే లోపలి విషయాలను ఎరుగుతున్నవాడని అర్థం, "ఇది కల" అని ఎరుగుతున్నవాడని కాదు. ఆ ఉపనిషత్తు మీద గౌడపాదులు రాసిన కారికల్లో కల ప్రస్తావన పదేపదే వచ్చేది మెలకువ కూడా కలలాంటిదే అని చూపడానికి. యోగసూత్రాల్లో "స్వప్ననిద్రాజ్ఞానాలంబనం వా" అన్న సూత్రం కలలోనూ నిద్రలోనూ కలిగిన జ్ఞానాన్ని ఆలంబనగా తీసుకుని మనసును నిలపవచ్చునంటుంది. అది మెలకువలో చేసే సాధన కావడానికి అడ్డేమీ లేదు.

ఎరుకతో కల కనడాన్ని సూటిగా, ఒక అభ్యాసంగా చెప్పిన సంప్రదాయం కావాలంటే టిబెటన్ బౌద్ధంలో ఉంది. నారోపా అనే బౌద్ధ గురువు పేరుతో ప్రసిద్ధమైన ఆరు సాధనల్లో మీలమ్, అంటే స్వప్నయోగం ఒకటి. కలను కలగా గుర్తించమనీ, అందులోని వస్తువులను మార్చి చూడమనీ, భయపెట్టేదాన్ని ఎదుర్కోమనీ స్పష్టంగా ఉంది. అయితే అక్కడ లక్ష్యం వినోదమూ కాదు, మార్కులూ కాదు. కనిపించేదంతా ఇలాగే నిలకడ లేనిదని గ్రహించడం. ఇక ఈమధ్య ఎక్కువగా వినబడుతున్న యోగనిద్రను చాలామంది దీనితో కలిపేస్తున్నారు. పడుకుని, ఒక గొంతు చెప్పే సూచనలు వింటూ, శరీరాన్ని సడలించుకునే అభ్యాసం అది. రెండూ వేర్వేరు.

ఉపనిషత్తును కోర్సుకు యోగ్యతాపత్రంగా వాడటం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అలా వాడినప్పుడు అసలు వాక్యాన్ని ఎవరూ చదవరు. నేను పైన చెప్పిన బ్రాహ్మణంలోనే, రథాల మాట వచ్చిన కాసేపటికే మరో వాక్యం ఉంది: "తం నాయతం బోధయేదిత్యాహుః". నిద్రిస్తున్నవాణ్ణి ఉన్నపళంగా లేపకూడదని పెద్దలంటారు, అలా లేపినప్పుడు ప్రాణశక్తి తన చోటికి సరిగా తిరిగి చేరకపోతే వైద్యం చేయడం కష్టమవుతుందని ఆ వాక్యం అర్థం. ఆ కాలపు శరీరజ్ఞానం వేరు, దాన్ని నేటి శాస్త్రంగా చూపించను. కానీ బావగారు ఉపనిషత్తును ప్రమాణంగా తీసుకునేట్టయితే, నాలుగు గంటల అలారం విషయంలో అది ఏమంటుందో కూడా వినవలసి ఉంటుంది.

రావిచెట్టు నీడ

అందరికీ కృతజ్ఞతలు. ఉందా లేదా అన్న విషయంలో నా అభిప్రాయం మార్చుకున్నాను. బొటనవేలి ప్రయోగాన్ని ఇంట్లో చేసి చూశాను. కళ్ళు మూసుకున్నప్పుడు చూపు గెంతడం కనురెప్ప మీద వేలు ఆనిస్తే నాకే తెలిసింది. మా తరగతి పిల్లలకు కూడా చూపించాలనుకుంటున్నాను.

నిన్న ఆదివారం వాడికి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాను. మీరు రాసినవి చదివి వినిపించాను. పుస్తకంలో అక్షరం నిలవదన్న మాటకు వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నిజమే పిన్నీ, నాకూ నిలవలేదు" అన్నాడు. నోటుపుస్తకం తెరిచి లెక్క చెప్పమన్నాను. మూడు నెలల్లో ఎరుక కలిగింది రెండుసార్లట. రెండూ కొన్ని క్షణాలే. ఒకదానిలో ఊళ్ళో మా ఇంటి పెరట్లో బావి దగ్గర నిలబడి, గిలక తిరగకుండానే బొక్కెన పైకి వస్తుంటే చూసి కల అని గుర్తుపట్టాడు. చనిపోయిన మా అమ్మ ఆ పక్కనే నిలబడి ఉందట. పలకరించేలోపే మెలకువ వచ్చేసిందని చెబుతుంటే వాడి గొంతు మారిపోయింది. వాడు ఇదంతా మార్కుల కోసం చేయడం లేదేమోనని నాకు మొదటిసారి అనిపించింది.

ఒక చిత్రమైన విషయం గమనించాను. ఆ రెండు కలలూ ఆదివారం ఉదయాల్లో వచ్చినవే. ఆదివారం వాడు అలారం పెట్టడు. దీనికి కారణం ఉందా? వాణ్ణి పూర్తిగా మానేయమని చెప్పాలని ఇప్పుడు నాకు లేదు.

రాత్రి డ్యూటీ

కారణం ఉంది. నిద్ర సుమారు గంటన్నర చుట్లుగా సాగుతుంది. మొదటి చుట్టులో రెమ్ నిద్ర కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారే కొద్దీ ప్రతి చుట్టులోనూ పెరుగుతూ పోతుంది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దలు అనడానికి, ఆ వేళ కలలు ఎక్కువగా, నిండుగా వచ్చి, వెంటనే మెలకువ రావడం వల్ల గుర్తుండిపోవడమే కారణమై ఉంటుందని నేను అనుకుంటాను. మీ అబ్బాయి వారంలో ఆరు రోజులు ఆ భాగాన్నే అలారంతో కోసేసుకుని, క్లాసుకు వెళ్ళాలి కాబట్టి తిరిగి పూరించుకోలేకపోతున్నాడు. ఆదివారం ఎవరూ లేపకపోవడంతో ఎనిమిదింటి దాకా నిద్ర సాగి, రెమ్ నిద్ర నిండుగా దొరికి, ఎరుకకు చోటు చిక్కింది. హెర్న్ ప్రయోగంలో సంకేతం వచ్చింది కూడా ఉదయం పూటే.

కనుక నోటుపుస్తకాన్ని ఉంచుకోమనండి. లేచిన వెంటనే కదలకుండా పడుకుని కలను గుర్తుచేసుకుని రాయడం వల్ల హాని జరిగినట్టు నేను ఎక్కడా చూడలేదు. పడుకునే ముందు "కల వస్తే గుర్తుపడతాను" అని అనుకోవడానికీ ఖర్చేమీ లేదు. అలారం మాత్రం తీసేయమనండి, వారం రోజులూ. రాత్రి పదకొండుకల్లా పడుకుని ఏడు గంటల నిద్ర నిండేలా చూసుకోమనండి. అలా నెల రోజులు చేసిన తర్వాత కూడా పగలు ఆపుకోలేని మత్తు వస్తుంటే, నవ్వినప్పుడు మోకాళ్ళు సడలిపోతుంటే, కన్ను మూయగానే కల మొదలవుతుంటే నిద్ర వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. నార్కోలెప్సీ అనే జబ్బులో ఈ లక్షణాలుంటాయి, ఎరుక కలలు కూడా వారిలో ఎక్కువని పారిస్ పరిశోధకులు 2015లో చూపించారు. మీరు చెప్పినదాన్నిబట్టి అతనికి ఉన్నది నిద్ర చాలకపోవడమే అనిపిస్తోంది, అయినా ఒక కన్నేసి ఉంచండి.

అమ్మమ్మ కల గురించి ఒక సూచన. ఎరుక కలిగిన వెంటనే సంతోషంతోనో ఆత్రంతోనో మెలకువ వచ్చేయడం కొత్తవారందరికీ జరుగుతుంది. సాధకులు ఆ క్షణంలో కలలోని రెండు అరచేతులూ రుద్దుకోవడమో, నేలను తాకి చూడడమో చేస్తారు. అలా చేస్తే కల ఇంకాసేపు నిలుస్తుందని వారి అనుభవం. ఈసారి బావి దగ్గర నిలబడితే, పలకరించే ముందు బావి చప్టా మీద చెయ్యి ఆనించమని చెప్పండి.